చెయ్యి తిప్పినందుకు

ఇప్పటికీ రోడ్డు మీద దెబ్బ తగిలిన కారు కనిపిస్తే నా నోరు ఊరుకోదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంటాను. ఫెండర్ నొక్కుకుపోయిన కారు ఒకటి పక్కనుంచి వెళ్తుంది. అంతే, మొదలు. బంపర్ విప్పాలి, లైటు విప్పాలి, రేకును లోపలి నుంచి కొట్టి లేపాలి, పుట్టీ పెట్టాలి, రుద్దాలి, మళ్లీ పెట్టాలి, మళ్లీ రుద్దాలి, రంగు వెయ్యాలి, విప్పినవన్నీ తిరిగి బిగించాలి. ఒక మనిషికి రెండు రోజుల పని, లేబర్ ఇంత అని పైకే అనేస్తాను. పక్క సీటులో ఆవిడ నా వంక అదోలా చూస్తుంది. చూడనీ! పోయిన మా రిపేరు షెడ్డు తాలూకు నాకు మిగిలింది ఈ ఒక్క రోగమే.

కారు రిపేరులో రెండు లెక్కలుంటాయి. ఒకటి సామానుది, రెండోది లేబర్‌ది. సామాను లెక్క ఎవరైనా చెబుతారు. దానికి డబ్బా ఉంటుంది, డబ్బా మీద ధర ఉంటుంది. కొన్నవాడు డబ్బా తిప్పి చూసుకుంటాడు, నిట్టూరుస్తాడు, కడతాడు. లేబర్‌కు డబ్బా ఎక్కడిది? అది ఒక మనిషి బండి కింద వెల్లకిలా పడుకోవడం, మోకాళ్ల మీద జరగడం, చెయ్యి పట్టని సందులో చెయ్యి పెట్టి చర్మం గీరుకోవడం. బండి తయారయ్యాక అదేదీ కనిపించదు. సొట్ట పోయిందంటే దాంతో పాటు పని కూడా పోయినట్టే. అప్పుడు పైసలడిగితే మనుషుల ముఖాలు ఎలా మారతాయో నేను చూడని రోజు లేదు.

మా ఆయన సొట్టలు తీసే డెంటింగ్ పనిలో పెరిగిన మనిషి. ఇంజన్ పని, ఏసీ పని ఆ తరువాత నేర్చుకున్నాడు. బండి రాగానే ఆయన కళ్లతో చూసేవాడు కాదు. బండి ఓనరుతో ఏదో మాట్లాడుతూ అరచేతిని రేకు మీద ఒక కొస నుంచి ఇంకో కొసకు పోనిచ్చేవాడు. తరువాత వేలి కణుపులతో అక్కడక్కడ తట్టేవాడు. మోత మొద్దుగా వస్తే, అక్కడ ఇదివరకే ఎవరో పుట్టీ దట్టించి పోయారని అర్థం. ఆ పాతదంతా గీకాలి, కాబట్టి లేబర్ పెరుగుతుంది. ఆయన అలా ఒక్కొక్కటే చెబుతుంటే, ఇంటర్ దాకా చదివిన నేను ఎస్టిమేట్ రాసేదాన్ని. రాసి రాసి నాకూ పట్టుబడింది. ఒక్కోసారి ఆయన కావాలనే తాను చెప్పకుండా నా వైపు తిరిగేవాడు.

"చెప్పవే, గీ బండికి లేబర్ ఎంతయితది?"

నేను చుట్టూ తిరిగి చూసి చెప్పేదాన్ని.

"డిక్కీ తాళం మర్సిపోయినవ్. అది విప్పనిది డిక్కీ ఎట్ల తీస్తవ్?" అని నవ్వేవాడు.

ఆ నవ్వు కోసమే అప్పుడప్పుడు తెలిసీ మరిచిపోయేదాన్ని.

ఆయన అత్తాపూర్‌లో ఒక మేస్త్రి కింద ఏళ్లకేళ్లు పనిచేశాడు. పెళ్లయి నేను వచ్చాక కూడా ఆ మేస్త్రి ఆయన్ని "అరేయ్" అనే పిలిచేవాడు. నా ఎదుటే పానా విసిరికొట్టిన రోజూ ఉంది. శంషాబాద్ విమానాశ్రయం మొదలైన ఏడాది సాతంరాయి దగ్గర, బెంగళూరు హైవే పక్కన, కాస్త జాగా కిరాయికి తీసుకుని రేకుల షెడ్డు వేశాడు. బోర్డు తగిలించి నిచ్చెన దిగుతూ నాతో అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"ఇగ నేను ఒకని కింద చెయ్య. సచ్చినా చెయ్య."

అంతకు మించి ఆయనకు ఇంకో కోరిక లేదు. పెద్ద ఇల్లు కావాలనలేదు, బంగారం కొనాలనలేదు. తన రేకుల కింద తాను నిలబడాలి, అంతే. నేనూ ఆ ఒక్క కోరికనే నా కోరిక చేసుకున్నాను. షెడ్డు నిలబడితే మా ఆయన నిలబడినట్టు. అది పోతే ఏమవుతుందో ఆ రోజు ఆలోచించలేదు.

మొదట్లో బాగానే నడిచింది. తల మీద నుంచి విమానం పోతుంటే మాట మధ్యలో ఆపి, అది పోయాక మళ్లీ అందుకునేవాళ్లం. రోడ్డు నిండా క్యాబులే. సిటీ నుంచి వచ్చే డ్రైవర్లు ఎవరెవరో ఆగేవాళ్లు. లేబర్ చెబితే, "జర తగ్గించన్నా" అనేవాళ్లు. ఆయన కాస్త తగ్గించేవాడు. వాళ్లు కట్టి పోయేవాళ్లు. నాకు వాళ్ల ఊరు తెలియదు, వాళ్లకు నా ఊరు తెలియదు. హాయిగా ఉండేది.

ఆ తరువాత మా వాళ్లు రావడం మొదలైంది.

నా పుట్టిల్లు పాల్మాకుల, ఆయనది సాతంరాయి. చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో మాకు బంధువులే. ఆ రోజుల్లో చెలకలు ప్లాట్లయ్యాయి, చేతికి పైసలొచ్చాయి. అరక పట్టిన చేతులు స్టీరింగు పట్టాయి. ఇంటికో కారు వచ్చింది. మా నాన్న కూడా చెలక అమ్మి తమ్ముడికి తెల్ల కారు కొనిచ్చాడు. వాడు దాన్ని విమానాశ్రయం కిరాయిలకు పెట్టాడు. కారు కొన్న రోజు గుడికి కూడా పోకుండా ముందు మా షెడ్డుకే తెచ్చాడు. మా ఆయనే స్వయంగా నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు.

"నా బావే మెకానిక్ అయితే ఇగ నాకేం పరేషానక్కా?" అన్నాడు తమ్ముడు.

నేను మురిసిపోయాను. ఏం జరగబోతోందో ఆ నిమ్మకాయలకు తెలియనట్టే నాకూ తెలియలేదు.

మా ఊళ్లలో బదులు పని అని ఒకటి ఉండేది. ఇవాళ నేను నీ మడిలో నాటుకు వస్తే, రేపు నువ్వు నా మడిలోకి వస్తావు. నీ ఇల్లు కప్పే రోజు నేను మోస్తాను, నా ఇల్లు కప్పే రోజు నువ్వు మోస్తావు. మనోళ్ల మధ్య ఒంటి కష్టానికి వెల కట్టడమన్నది లేదు. కడితే తిట్టినట్టే. అందరికీ మడి ఉన్నంతకాలం అది చక్కగా సాగింది. మళ్లు పోయాయి. మనోళ్ల దగ్గర కష్టానికి కూలి అడగకూడదన్న పద్ధతి మాత్రం పోలేదు. ఇప్పుడు మా ఆయన వాళ్ల కారు బాగుచేస్తే, బదులుగా వాళ్లు ఏ మడిలోకి దిగాలి? ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించినా చెప్పుకునే ధైర్యం ఎవరికీ లేదు.

మా వాళ్లు పిసినారులైతే నేను ఎప్పుడో దులిపేసి ఉండేదాన్ని. అలాంటివాళ్లు కాకపోవడమే వచ్చిన చిక్కు. నాటుకోడి తెచ్చేవాళ్లు, మక్క కంకులు బస్తా దింపేవాళ్లు. మా అత్తను దవాఖానలో చేర్చిన రోజున గేటు ముందు మా వాళ్ల కార్లే వరస కట్టాయి. రక్తం కావాలంటే ముందు నేనంటే నేనని చొక్కా చేతులు పైకి లాక్కున్నారు. అలాంటి వాళ్ల ముందు నోరు తెరిచి లేబర్ ఇంత అని ఎలా అంటావు? అననిదే షెడ్డు కిరాయి ఎలా కడతావు? సామాను వాళ్లే సిటీ నుంచి తెచ్చుకునేవాళ్లు. బిగించడం మాత్రం మా ఆయన వంతు.

"చెయ్యి తిప్పుడే గద బావా!" అనేవాళ్లు.

ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఒక ఎండాకాలం తమ్ముడి కారులో ఏసీ చల్లగా కొట్టడం మానేసింది. గ్యాస్ ఎక్కిస్తే వారం తిరగకుండానే పోతోంది. మా ఆయన చూసి, లోపల కూలింగ్ కాయిల్ కారుతోందన్నాడు. ఆ కాయిల్ ఎంతనుకున్నారు? పలక అంత ఉంటుంది. కానీ దాన్ని ఎక్కడ పెట్టారో చూస్తే ఆ కారు చేసినవాడిని నిలబెట్టి తిట్టాలనిపిస్తుంది. డ్యాష్‌బోర్డు వెనక, అన్నిటికన్నా లోపల. దాన్ని అందుకోవాలంటే స్టీరింగు విప్పాలి, మీటర్లు విప్పాలి, డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీసి బయట పెట్టాలి. పని అయ్యాక ఒక్క వైరు తప్పినా బండి కదలదు.

తమ్ముడు సిటీకి పోయి కాయిల్ తెచ్చాడు. డబ్బా నా ముందు పెట్టాడు.

"సూడక్కా, గింత ముక్కకు గింత తీసుకున్నడు. ఒక్క రూపాయి తగ్గలే. నోరు మూసుకొని కట్టిన."

"పెద్ద వస్తువే మరి," అన్నాను, పళ్లు బిగబట్టి.

రేకుల కింద ఆ ఎండలో మా ఆయన కారు నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. తల డ్యాష్‌బోర్డు కింద, కాళ్లు సీటు మీద. వైర్లు ముఖం మీద వేలాడుతున్నాయి. ఊడదీసిన డ్యాష్‌బోర్డును నులక మంచం మీద పడుకోబెట్టాం. ఏ స్క్రూ ఎక్కడిదో తెలియడానికి చాయ్ సాసర్లలో విడివిడిగా వేసి నేను కాపలా కూర్చున్నాను. మధ్యాహ్నం సిటీ క్యాబువాడు ఒకడు తలుపు పని మీద వచ్చాడు. నేనే చెయ్యి వేసి చూసి లేబర్ చెప్పాను. బేరం కూడా ఆడకుండా సరేనన్నాడు. మా ఆయన కారులోంచి తల తీయకుండానే, "రేపటిదాక ఆగుతవా అన్నా?" అని అడిగాడు. ఆ మనిషి మంచం మీద పరిచి ఉన్న డ్యాష్‌బోర్డును చూశాడు, బండి తిప్పుకుని రోడ్డు దాటి ఎదురు వర్క్‌షాపులోకి పోయాడు. మా తమ్ముడు అక్కడే స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఏం పోయిందో వాడికి తెలియదు.

రెండో రోజు సాయంత్రానికి ఏసీ చల్లగా కొట్టింది. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని ఆ గాలి ముందు పెట్టాడు.

"సూడక్కా, మంచులెక్క వస్తున్నది! బావ చెయ్యి అంటే చెయ్యే!"

తరువాత జేబులో చెయ్యి పెట్టాడు. ఇస్తాడనుకున్నాను. వాడు తీసింది తాళం చెవి.

"అమ్మతోని సర్వపిండి పంపిస్త బావా," అని బండెక్కి పోయాడు.

ఆ సాయంత్రం నేను ఊరుకోలేదు.

"గా పనికి లేబరెంతనో ఎరుకేనా నీకు?" అన్నాను.

ఆయన తడుముకోకుండా చెప్పాడు. స్టీరింగుకు ఇంత, డ్యాష్‌బోర్డుకు ఇంత, గ్యాస్‌కు ఇంత అని విడదీసి మరీ చెప్పాడు.

"మరి లెక్కేసినవ్ గదా. ఎవరికోసమేసినవ్?"

"ఊకెనే. అలవాటు."

"అయితే అడుగు."

"నీ తమ్ముడే గదనే."

"నా తమ్ముడైతే ఏంది? నువ్వడగకుంటే నేనడుగుత."

అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ ముఖంలో, భయం ఉంది.

"నువ్వడిగితే నా ఇజ్జత్ పోతది. బావ లేబర్ అడిగిండని పాల్మాకుల మొత్తం చెప్పుకుంటరు. నేను ఇగ మీ ఊరికి ఏ ముఖం పెట్టుకొని రావాలె?"

నేను లేచి, స్క్రూలు వేసిన సాసర్లు ఏరి లోపల పెట్టాను.

ఎదురు వర్క్‌షాపు ఓనరు కోస్తా వైపు నుంచి వచ్చినాయన. మర్యాదస్తుడు. గట్టి డెంటింగ్ పనులు వస్తే కొన్ని మా ఆయనకు పంపేవాడు, లేబర్ చెప్పింది చెప్పినట్టు చేతిలో పెట్టేవాడు. ఒకరోజు మా ఆయన లేనప్పుడు వచ్చి, షెడ్డు నిండా ఉన్న బండ్లు చూసి, వెంటనే నా ముఖం చూశాడు.

"ఇవన్నీ మీ వాళ్లవేనామ్మా?" అని అడిగాడు.

"మావోళ్లవే సార్."

"లేబర్ నోటితో చెప్పకూడదమ్మా. అచ్చు వేసి ఇవ్వాలి. నోటితో చెబితే బతిమాలతారు, చుట్టరికం కలుపుతారు. అచ్చుకాగితాన్ని ఎవరూ బతిమాలరండి." వెళ్లబోతూ, "నాకు ఇక్కడ చుట్టాలెవరూ లేరు. అదే కలిసొచ్చింది అనుకోండి," అన్నాడు.

ఆయన నవ్వలేదు. జాలిగానే అన్నాడు. నాకు అది దారిలా కనిపించింది. శంషాబాద్‌లో ఫ్లెక్సీలు కొట్టే షాపుకు పోయి, లేబర్ రేట్లన్నీ రాసిచ్చి పెద్ద ఫ్లెక్సీ కొట్టించాను. క్లచ్ ప్లేటు మార్చడానికి ఇంత, బంపర్ విప్పి బిగించడానికి ఇంత, కాయిల్ పనికి ఇంత. మా ఆయన సామానుకని సిటీకి పోయిన పూట చూసి, నేనే స్టూలెక్కి తీగతో గోడకు కట్టాను. దిగి చూస్తే కడుపు నిండినట్టనిపించింది. ఇక నేను అడగక్కర్లేదు, ఆయన అడగక్కర్లేదు, గోడే అడుగుతుంది.

ఆ పూటే మా ఆయన పెద్దబాపు వచ్చాడు. మా మామకు అన్న. జీపు క్లచ్ పట్టడం లేదని తెచ్చాడు. నేను చాయ్ ఇచ్చాను. ఆయన గ్లాసు పక్కన పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని, ఫ్లెక్సీలో ప్రతి వరుసా పైకి చదివాడు. తొందర లేదు. చివరిదాకా చదివి నా వైపు చూశాడు.

"బిడ్డా, గిది మాక్కూడనా?"

ఆ రోజు వెనక్కి తగ్గదలుచుకోలేదు.

"అందరికీ ఒకటే బాపు," అన్నాను.

ఆయన తల ఊపాడు. కోపగించుకుని ఉంటే బాగుండేది, నేనూ అరిచి ఉండేదాన్ని.

"మీ మామ ఇల్లు కప్పిననాడు వాసాలు నేను మోసిన. ఇగో, గీ భుజం మీద. గా దినం ఎవ్వలు నాకు లేబర్ ఇయ్యలే. నేను అడగలే."

లేచి, జీపు అక్కడే వదిలేసి నడుచుకుంటూ పోయాడు. చాయ్ గ్లాసు అలాగే ఉంది. నేను ఆయన పోయిన వైపు చూస్తూ నిలబడి, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, గ్లాసు కడిగి బోర్లించాను. ఆయన అన్నది అబద్ధం కాదు. నేను అడిగింది తప్పూ కాదు. మా ఖర్మ కాకపోతే, రెండు నిజాలు ఒక్క రేకుల షెడ్డులోనే ఎదురుపడాలా?

మా ఆయన తిరిగొచ్చి సంగతి విన్నాడు. నేరుగా పెద్దబాపు ఇంటికి పోయి ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన కళ్లెదుటే ఫ్లెక్సీ కట్లు కోసి దింపాడు. గేర్‌బాక్స్ దింపి, ఆ సాయంత్రానికల్లా క్లచ్ పని ముగించాడు. ఫ్లెక్సీ పారెయ్యలేదు, గట్టి గుడ్డ కదా. రంగు వేసిన బండ్ల మీద దుమ్ము పడకుండా తిరగేసి కప్పేవాళ్లం. గాలికి అంచు లేచినప్పుడల్లా నా రేట్లు కనిపించేవి.

ఆ తరువాత అంతా దిగుడే. షెడ్డు ముందు ఎప్పుడు చూసినా కార్లు వరసగా ఉండేవి. చూసినవాళ్లు అబ్బో, ఎంత గిరాకీ అనుకునేవాళ్లు. బయటి గిరాకీ ఆ వరస చూసి ఆగకుండా పోయేది. చేతులు పైకెత్తి పనిచేసి పనిచేసి మా ఆయన కుడి భుజం పట్టేసింది. పొద్దున లేచి చొక్కా తొడుక్కోవడానికి నా సాయం కావాల్సి వచ్చేది. జాగా ఓనరు కిరాయి పెంచాడు, బాకీ పడ్డాక ఖాళీ చెయ్యమన్నాడు. ఆ జాగాలో ధాబా పెడతారట.

ఈ సంగతి తెలిసి తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు.

"ముందే చెప్పొద్దా బావా? ఎంత కావాలె? నేను సర్దుత. మెల్లగ ఇద్దురు తియ్యి," అన్నాడు. నిజంగానే ఇచ్చేవాడు. వాడి కళ్లలో నీళ్లున్నాయి.

మా ఆయన నవ్వాడు. అలాంటి నవ్వు నేను అంతకుముందు చూడలేదు.

"అప్పు నేనెట్ల తీరుస్తరా? లేబర్‌తోనా?"

తమ్ముడికి ఆ మాట అర్థం కాలేదు. బావ తమాషా చేస్తున్నాడనుకుని వాడూ నవ్వాడు. అప్పు ఇస్తానన్న చెయ్యి, కాయిల్ మార్చిన రోజే లేబర్ ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది! అందరూ ఇచ్చి ఉంటే ఈ బాకీయే ఉండేది కాదు. ఆ ముక్క చెప్పడానికి నాకు ఈ జన్మలో నోరు రాదు.

బోర్డు దింపిన రోజు ఆయన దాన్ని తుడిచి ఇంట్లో మంచం కింద పెట్టాడు. పెద్ద సామాను అమ్మేశాడు. సుత్తెలు మాత్రం గోనెసంచిలో చుట్టుకుని, రోడ్డు దాటి ఎదురు వర్క్‌షాపుకు నడిచాడు. వేరే దారి ఏముంది? ఓనరు లేచి నిలబడి, "మీలాంటివారు రావడం మాకు ధైర్యమండీ," అన్నాడట. మంచి మాటే. కానీ జేబు మీద ఆ వర్క్‌షాపు గుర్తు కుట్టిన నీలం చొక్కాను ఇంటికి తెచ్చిన రోజు ఆయన అద్దం ముందుకు పోలేదు. నేను గుండీలు పెడుతుంటే గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. సచ్చినా చెయ్య అన్న మనిషి.

"మనోళ్లకు చెప్పకు," అన్నాడు.

"ఎవరన్న అడిగితే?"

"అత్తాపూర్‌ల చేస్తున్నడని చెప్పు."

అలాగే చెప్పాను, మా అమ్మకూ తమ్ముడికీ కూడా. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని వర్క్‌షాపు వెనక గేటు నుంచి పోయేదాన్ని, ముందు నుంచి పోతే హైవే మీద మా వాళ్లెవరైనా చూస్తారని. కొన్ని వారాలు అలా గడిచాయి.

ఒకరోజు వెనక గేటుకు తాళం వేసి ఉంది. చేసేది లేక ముందు వైపు నుంచి లోపలికి పోయాను. బిల్లులు కట్టే కౌంటర్ దగ్గర మా తమ్ముడు నిలబడి ఉన్నాడు. నేను స్తంభం పక్కన ఆగిపోయాను. వాడు నన్ను చూడలేదు. కౌంటర్ వెనక ఉన్న అబ్బాయి బిల్లు చదువుతున్నాడు.

"కూలింగ్ కాయిల్ ఒకటి, గ్యాస్, డ్యాష్‌బోర్డు విప్పి బిగించిన లేబర్."

మళ్లీ అదే కారు, అదే కాయిల్. లేబర్ అంకె చెవిన పడింది. మా ఆయన ఆనాడు అలవాటుగా లెక్కేసి చెప్పినదానికన్నా ఎక్కువ. తమ్ముడు అవునా అనలేదు, జర తగ్గించమనలేదు, చెయ్యి తిప్పుడే కదా అనలేదు. జేబులోంచి నోట్లు తీసి, ఎంచి ఇచ్చి, బిల్లును జాగ్రత్తగా మడత పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వాడు లేబర్ కట్టగలడు. కట్టడం వాడికి వచ్చు. ఇన్నాళ్లూ వాడికి రాదనుకున్నాను నేను.

అప్పుడు తిరిగి నన్ను చూశాడు.

"అక్కా! నువ్వేంది గీడ?"

నేను చెప్పేలోపే వాడి కళ్లు నా చేతిలో అన్నం డబ్బా మీద పడ్డాయి. అదే సమయానికి లోపలి నుంచి మా ఆయన వచ్చాడు, తమ్ముడి కారు తాళం చెవి పట్టుకుని, నీలం చొక్కాతో, ఎడమ చేత్తో కుడి భుజం నొక్కుకుంటూ. తల మీద నుంచి విమానం పోతోంది. అది పోయేదాకా మాట్లాడక్కర్లేదు కదా అని నాకు ఊరటగా ఉంది.

"బావా," అన్నాడు తమ్ముడు, విమానం పోయాక. "నువ్వేనా చేసింది?"

మా ఆయన తల ఊపాడు.

వాడి ముఖం ముడుచుకుపోయింది. బాధపడ్డాడు, నిజంగానే. కానీ ఆ బాధలోంచి వచ్చిన మాట ఇది:

"తెల్వకపాయె గదా బావా! ఒక్క ఫోన్ చెయ్యొద్దా? నీ చెయ్యి అని తెలిస్తే నేను లేబర్ ఎందుకు కడుదును?"

ప్రేమతోనే అన్నాడు. బావను పరాయివాడిలా చూసినందుకు నొచ్చుకుంటూ అన్నాడు. నేను అరవాలనుకున్నాను. ఆ స్తంభానికి తల కొట్టుకోవాలనుకున్నాను. ఎప్పుడూ ఊరుకోని నా నోరు ఆ రోజు పెగల్లేదు.

మా ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తాళం చెవి తమ్ముడి చేతిలో పెట్టి కౌంటర్ వైపు నడిచాడు.

"ఏమయ్యా, ఆగు," అన్నాను. ఆయన ఆగలేదు.

"సార్, ఆయన నా బామ్మర్ది," అన్నాడు మా ఆయన కౌంటర్ దగ్గర, తల వంచి. "మనోడే. గా లేబర్ పైసలు వాపస్ ఇయ్యుండ్రి. నా జీతంల కట్ చేసుకోండ్రి."

ఆ అబ్బాయి అయోమయంగా ఓనరు గది వైపు చూశాడు, మా ఆయన వైపు చూశాడు, సొరుగు తెరిచాడు. నేను అన్నం డబ్బా బల్ల మీద పెట్టాను.

"అయ్యో, గిదంత ఎందుకు బావా," అంటూనే తమ్ముడు చెయ్యి చాపాడు.